వారోత్సవాలు సరే, వారం వారం సంగతేమిటి?

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా మన గ్రంథాలయాలు కళకళలాడతాయి. 1968 నుంచి దేశమంతటా జరుపుకుంటున్న జాతీయ గ్రంథాలయ వారోత్సవాలవి. మొదటిరోజు జ్యోతి వెలిగిస్తారు. చుట్టుపక్కల బడిపిల్లలు వరసకట్టి వస్తారు. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, చివరిరోజు బహుమతులు. ఆ వారం రోజులూ లైబ్రేరియన్లు పడే కష్టం దగ్గరుండి చూశాను కాబట్టి ఆ ఉత్సవాలను తేలిక చేసి మాట్లాడను. నా బాధంతా మిగిలిన యాభై ఒక్క వారాల గురించే. నవంబర్‌లో బహుమతి అందుకున్న పిల్లవాడు డిసెంబర్‌లో మళ్లీ ఆ గుమ్మం ఎక్కడానికి మనం ఏం ఏర్పాటు చేశాం?

పేటలో ఉండే చిన్న శాఖా గ్రంథాలయానికి ఏడాదికోసారి జరిగే పెద్ద కార్యక్రమం కంటే, వారానికో గంట, ఒకే రోజు, ఒకే వేళకు, తప్పకుండా జరిగే చిన్న కార్యక్రమం ఎక్కువ అవసరం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. చాలామంది పెద్దలు దీన్ని అదనపు హంగు అనుకుంటారు. ముందు పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్లు సరిగ్గా ఉంటే చాలు, కార్యక్రమాలు తర్వాత చూద్దాం అంటారు. అన్నీ సమకూరిన శాఖల్లో కూడా బీరువాల్లో పుస్తకాలు ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోవడం చూశాక నాకు ఆ మాట మీద నమ్మకం పోయింది. పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చడానికి మధ్యలో ఇంకో మనిషి కావాలి, ఒక వేళ కావాలి, ఒక సందర్భం కావాలి.

మన గ్రంథాలయాలు పుట్టిందే ఇలా. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశపు గ్రంథాలయాల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు కాలికి బలపం కట్టుకుని ఊరూరా తిరిగారు. అప్పటికి నూటికి పదిమందికి కూడా చదవడం రాదు. చదువురాని ఊళ్లో గ్రంథాలయం పెట్టి ఏం చేస్తారని ఎవరైనా అడగొచ్చు. వాళ్లు పేపరు పైకి చదివి వినిపించారు. రాత్రిబడులు నడిపారు. ఉపన్యాసాలు, భజనలు, హరికథలు పెట్టించారు. అంటే ముందు జనం పోగయ్యారు, ఆ తర్వాత చదువరులు తయారయ్యారు. నిజాం రాజ్యంలోనూ అంతే. 1901లో హైదరాబాద్‌లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో పుట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం తెలుగువాళ్లు నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే తావులయ్యాయి. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద తిప్పారు. జనం తమ దగ్గరికి వచ్చేదాకా కూర్చోలేదు ఆయన.

ఈ పేర్లన్నీ వారోత్సవాల ఉపన్యాసాల్లో ఏటా వినిపిస్తాయి. వాళ్ల పటాలకు దండలు పడతాయి. వాళ్లు చేసిన పని మాత్రం ఎందుకో కొనసాగించం.

ఇక నేను దగ్గర నుంచి చూసిన సంగతి చెబుతాను. మా పేట శాఖలో ఆదివారం పొద్దున పిల్లలకు కథల గంట నడుస్తోంది. మేం కొంతమందిమి వంతులవారీగా చదువుతాం. పేపర్ల బల్ల పక్కకు జరిపి, రెండు బీరువాల మధ్య చాపలు పరుస్తాం. వేదిక, మైకు, ముఖ్య అతిథి ఉండరు. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న బొమ్మల పుస్తకం తీసుకుని, పేజీ పిల్లల వైపు తిప్పి పట్టుకుని, మనం పక్క నుంచి చదవాలి. పుస్తకం కాస్త కిందికి దించితే చాలు, వెనకున్న పిల్లలు మోకాళ్ల మీద పాక్కుంటూ ముందుకొస్తారు. చదివిన కథే మళ్లీ చదవమంటారు. చదవాలి కూడా. రెండోసారికి వాక్యం చివరి మాట వాళ్లే అందిస్తారు, మూడోసారికి వాక్యమంతా చెప్పేస్తారు. మూడో తరగతి చదివే ఒక పాప బడిలో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేదట. కథ మొత్తం నోటికి వచ్చేశాక ఒకరోజు పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, మాటల కింద వేలు పెట్టుకుంటూ చెల్లెలికి చదివి పెట్టింది. ఆ పిల్ల గుర్తున్న కథ చెబుతోందా, నిజంగా చదువుతోందా అంటే, రెండూ కలిసే చోటే చదువు మొదలవుతుందని నా అనుభవం.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. "అత్తా, ఈ పుస్తకం ఇంటికిస్తారా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. ఇవ్వాలంటే సభ్యత్వం ఉండాలి. సభ్యత్వం కావాలంటే డిపాజిట్, ఫారం మీద పెద్దవాళ్ల సంతకం, ఆధార్ జిరాక్సు. వాళ్ల నాన్న పనికి వెళ్లేసరికి గ్రంథాలయం తెరవరు, ఆయన ఇల్లు చేరేసరికి మూసేస్తారు. కథ విని కళ్లు మెరుస్తున్న పిల్లవాడికి వచ్చేవారం దాకా ఆగమంటే ఆ వేడి చల్లారిపోతుంది. మా లైబ్రేరియన్ సార్ దీనికి ఒక ఉపాయం చేశారు. ఆదివారం చాప పక్కనే ఫారాలు పెట్టుకుని కూర్చుని, పేరూ చిరునామా తనే రాసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇంటికి పంపారు. పిల్లలు మర్నాడే తెచ్చిచ్చారు. కథల గంట వల్ల కలిగిన మేలులో సగం ఆ పెన్సిల్ గుర్తుదే అంటాను.

అందుకే కార్యక్రమం అయ్యాక పుస్తకం చేతికందకపోతే ఆ కార్యక్రమం సగంలో ఆగినట్టే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మొట్టమొదటిది పుస్తకాలున్నది వాడుకోవడానికే అని. మన బీరువాలకు తాళాలెందుకున్నాయో నాకు తెలుసు. పుస్తకం పోతే లెక్క తనే చెప్పాలన్న భయం లైబ్రేరియన్‌ది. పిల్లలు చదివి చిరిగిన పుస్తకాన్ని, చెదలు తిన్న పుస్తకాన్ని ఒకే గాటన కడితే ఎవరు మాత్రం తాళం తీస్తారు? వాడకంలో కొన్ని పుస్తకాలు పోతాయని, చిరుగుతాయని ముందే ఒప్పుకుని, ఆ మేరకు రిజిస్టర్‌లోంచి తీసేసే అధికారం శాఖ స్థాయిలోనే ఇవ్వాలి. ఇది పైనున్నవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం. దీనికి పైసా ఖర్చు లేదు.

పిల్లల పుస్తకాలే చాలినన్ని లేవనేవాళ్లకు ఒక మాట. పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడున్నాయి. ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఒక పాత టీవీకి తగిలించి పేజీలు పెద్దగా చూపించినా చాలు.

ఇప్పుడు కొంచెం పెద్దవాళ్ల సంగతి. ఈ రోజుల్లో ఏ ఊళ్లో గ్రంథాలయానికి వెళ్లినా పేపర్ల బల్ల దగ్గర నలుగురు పెద్దవాళ్లు, మిగిలిన కుర్చీలన్నింట్లో గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే కుర్రాళ్లు, అమ్మాయిలు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది వీళ్లే. వీళ్లు గ్రంథాలయాన్ని స్టడీ హాల్ చేసేశారని, సాహిత్యం చదివేవాళ్లకు కుర్చీ దొరకడం లేదని కొందరు విసుక్కుంటారు. నేను వీళ్ల పక్షం. ఒకే గదిలో నలుగురుండే ఇంట్లో, టీవీ మోతలో చదవలేక వచ్చినవాళ్లకు వెలుతురు, నిశ్శబ్దం, కుర్చీ ఇవ్వడం గ్రంథాలయం చేయాల్సిన పనే. నాకున్న పేచీ ఒక్కటే: వాళ్లకు మనం కుర్చీ ఒక్కటే ఇస్తున్నాం.

పొద్దున్నే వచ్చి, సొంత పుస్తకాలు సంచిలోంచి తీసుకుని, సాయంత్రం దాకా తల ఎత్తకుండా చదివి వెళ్లిపోయే మనిషికి ఆ భవనంలో ఉన్న పుస్తకాలతో గానీ, పక్క కుర్చీలో మనిషితో గానీ సంబంధం ఏర్పడదు. మా శాఖలో శనివారం సాయంత్రం ఒక చిన్న ప్రయత్నం జరిగింది. ఒకే వార్తను రెండు మూడు పేపర్లలో చదివి, ఎవరు ఏది ముందు రాశారు, ఏది వదిలేశారు అని మాట్లాడుకోవడం. కరెంట్ అఫైర్స్‌కు పనికొస్తుందని కొందరు వచ్చారు. ఇంటర్వ్యూలో నోరు పెగలాలని కొందరు వచ్చారు. ఒకాయన పేపర్ల బల్ల దగ్గర రోజూ కనిపించే రిటైర్డ్ గుమాస్తా. రెవెన్యూ పదాలు, పహాణీ, అడంగల్ లాంటివి ఆయన విడమరిచి చెబుతుంటే కుర్రాళ్లు నోట్సు రాసుకున్నారు. అయిపోయాక ఒక అబ్బాయి నాతో అన్నమాట మరిచిపోలేను. "అక్కా, నెలల తరబడి పక్కపక్కన కూర్చుంటున్నాం. వీడి పేరు ఈ రోజే తెలిసింది." పరీక్ష వాయిదా పడినప్పుడు, ఫలితాల్లో పేరు లేనప్పుడు, వయసు దాటిపోతోందని టెన్షన్ పడుతున్నప్పుడు పక్కవాడి పేరు తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

గోల అవుతుంది కదా, చదువుకునేవాళ్లకు ఇబ్బంది కదా అంటారు. అవుతుంది. అందుకే ఒకే రోజు, ఒకే గంట అంటున్నాను. ఆదివారం పది నుంచి పదకొండు దాకా పిల్లల గోల ఉంటుందని గుమ్మం దగ్గర బోర్డు పెడితే, ఆ గంట వరండాలోనో ఇంట్లోనో చదువుకుంటారు. ఎప్పుడు పడితే అప్పుడు పెట్టే సభలతోనే చిరాకు.

వేళల గురించి ఇంకో మాట చెప్పాలి. చాలా శాఖలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి, మధ్యాహ్నం మూసేస్తారు. ఇంటిపనులు చూసుకునే ఆడవాళ్లకు పొద్దున వంట, క్యారేజీలు. సాయంత్రం పిల్లలు, మళ్లీ వంట. కాస్త తీరిక దొరికేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. సరిగ్గా అప్పుడే తాళం. తర్వాత ఆడవాళ్లు గ్రంథాలయానికి రావడం లేదని మనమే వాపోతాం. వారానికి ఒక్క మధ్యాహ్నం తెరిచి, నవలల బీరువా పక్కన నాలుగు కుర్చీలు వేసి, చదివిన దాని గురించి మాట్లాడుకోనిస్తే చాలు. వక్తలను పిలవక్కర్లేదు. సీరియల్ నవలలు వారం వారం ఎదురుచూసి చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది; వాళ్లకు చెప్పడానికి చాలా ఉంది.

పెన్షనర్ల సంగతీ ఇలాంటిదే. నవంబర్ వచ్చిందంటే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో ఆ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో, తర్వాత ఫోన్లో ముఖం చూపించి కూడా ఇచ్చే వీలు కలిగింది. వీలు ఉంది గానీ, చేసుకోవడం ఎంతమందికి వచ్చు? ఒక పెద్దాయనకు మా లైబ్రరీలో చేయించాం. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడుతుంది. ఇటు తిరిగి కూర్చోమన్నాం. కళ్లద్దాలు మెరుస్తుంటే తీసేయమన్నాం. అద్దాలు తీస్తే ఆయనకు తెర మీద అక్షరాలు కనపడవు, అందుకని పక్కన నిలబడి "ఇప్పుడు రెప్ప వెయ్యండి బాబాయ్ గారూ" అని చెప్పాం. ఫోను మాత్రం ఆయన చేతిలోనే ఉంచాం. ఈ పనిలో ఇది మొదటి నియమం. మనం లాక్కుని చకచకా నొక్కేస్తే పని అవుతుంది గానీ నేర్చుకోవడం ఉండదు. పైగా వాళ్ల పిన్ను, ఓటీపీ మన కంట పడకూడదు. అదే గంటలో సైబర్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని చెప్పి, ఆ నంబర్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. వారోత్సవాలు నవంబర్‌లోనే కదా. ఆ వారంలో ఒక పూట ఈ పనికి కేటాయిస్తే ఎంతమంది బ్యాంకు దగ్గర క్యూలో నిలబడే బాధ తప్పుతుందో ఆలోచించండి.

గ్రంథాలయంలో ఉన్నవే కాక, గ్రంథాలయం ద్వారా అందేవి కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ తయారుచేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్‌లో జాతికి అంకితం చేశారు. బడి పాఠాల నుంచి పరిశోధన వ్యాసాల దాకా ఫోన్లోనే వెతుక్కోవచ్చు. చూపులేని వాళ్లకోసం 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అచ్చు పుస్తకం చదవలేనివాళ్లు వినడానికి, బ్రెయిలీలో చదవడానికి వీలుగా పుస్తకాలను మార్చుకోవచ్చని 2012లోనే మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఈ హక్కును ప్రపంచమంతటా గుర్తించే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. ఇంత చేసి, మన పేటలో చూపు తగ్గిపోయి పేపరు చదవడం మానేసిన పెద్దావిడకు ఈ సౌకర్యం ఉందని చెప్పేవాళ్లు లేకపోతే ఏం లాభం? గోడకు పోస్టర్ అంటిస్తే ఆమెకు కనపడదు. ఒక మనిషి ఆమె పక్కన కూర్చుని ఒక పుస్తకం వినిపించాలి. కార్యక్రమం అంటే నా దృష్టిలో ఇదే.

డబ్బు, సిబ్బంది లేరన్న మాటను కొట్టిపారేయను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఆధారంగా ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు ఇస్తోందన్నమాట. వసూలైన ఆ డబ్బు స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోయి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న గోడు ఎప్పటినుంచో ఉన్నదే. ఖాళీ పోస్టులు, ఒకే మనిషికి రెండు శాఖల ఇన్‌ఛార్జి బాధ్యతలు మామూలైపోయాయి. ఇలాంటి చోట లైబ్రేరియన్‌ను వారానికో కార్యక్రమం పెట్టమని శాసిస్తే అది ఆ మనిషి నెత్తిన ఇంకో బరువు. పేటలోవాళ్లు ముందుకు రావాలి. అలాగని స్వచ్ఛందంగా వచ్చేవాళ్లున్నారు కదా అని పోస్టులు ఖాళీగా వదిలేయడాన్ని ఒప్పుకోకూడదు. మేం ఆదివారం కథ చదవగలం గానీ, ఏ పిల్లకు ఏ పుస్తకం తర్వాత ఏది ఇవ్వాలో, ఏ పుస్తకం ఎక్కడుందో, ఏది తెప్పించాలో తెలిసిన మనిషి రోజూ అక్కడ ఉండాలి. మా సారు సెలవు పెట్టిన ఆదివారం కథ జరిగింది గానీ ఒక్క పుస్తకమూ ఇంటికి వెళ్లలేదు.

ఇక కార్యక్రమం బాగా జరిగిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఇప్పుడైతే ఫొటోలో తలలు లెక్కపెట్టుకుంటాం, పేపర్లో వార్త పడిందా అని చూస్తాం. నేనైతే ఆ సాయంత్రం ఎన్ని పుస్తకాలు ఇంటికి వెళ్లాయో రాసే ఇష్యూ రిజిస్టర్ చూడమంటాను. ఉపన్యాసం ఆరోగ్యం మీదైతే ఆ బీరువాలోని పుస్తకాలు ముందే తీసి బల్ల మీద పెట్టాలి, అక్కడికక్కడే ఇవ్వాలి. నలభైమంది వచ్చి చప్పట్లు కొట్టి వెళ్లిన సభ కంటే, ఏడుగురు వచ్చి అయిదు పుస్తకాలు పట్టుకెళ్లిన గంటే నాకు మేలు.

మీ దగ్గర్లో శాఖ ఉంటే ముందు సభ్యులుగా చేరండి. లైబ్రేరియన్‌తో మాట్లాడి, ఆయనకు ఇబ్బంది లేని రోజూ వేళా అడిగి తెలుసుకోండి. మీకు చేతనైన ఒక్క పని చెప్పండి: కథ చదవడమో, లెక్కలు చెప్పడమో, ఫోను నేర్పడమో, దరఖాస్తులు నింపడంలో సాయపడటమో. మూడు నెలల పాటు ఆ గంట తప్పకుండా వస్తానని మాటివ్వండి, బోర్డు మీద రాయించండి. మొదటి వారాల్లో ఇద్దరే వచ్చినా గంట పూర్తిగా నడపండి, ఆ ఇద్దరి చేతికీ సభ్యత్వం ఫారాలు ఇచ్చి పంపండి.